ఏడ్చేవాళ్ళు కావలెను

“మా అత్త పోయినాది సార్,” అంది సెల్వి ఫోన్లో.

అవతల ద్వారకనాథ్. తిరువళ్ళూరులో ఆఫీసరు. చిన్నప్పుడు సెల్వి మేనత్త కాంచన టీచరు దగ్గర అక్షరాలు దిద్దినవాడు. సెల్వి స్పీకర్ ఆన్ చేసింది. పక్కన ఆమె మొగుడు ఆనంద్‌రాజ్ ఊపిరి బిగబట్టాడు.

“అట్లనా! ఎప్పుడు పాపా?”

“పొద్దన్నే. కొండకి పోయొచ్చి...”

“వయసెంత?”

“ఎనభై నాలుగు సార్.”

“ఇంకేం! నిండు బతుకు. పెండ్లి మాదిరి సావు, కల్యాణ సావు! నువ్వు ఏడవబాకు. నేనూ ఏడవను. సరేనా?”

ఫోన్ పెట్టేశాడు.

“ఏడ్చినాడా?” అన్నాడు ఆనంద్‌రాజ్, అంతా విన్నవాడే అయినా.

సెల్వి తల అడ్డంగా ఊపింది.

సెల్వి ఏడిస్తే చెల్లదు. ఆనంద్‌రాజ్ ఏడిస్తే అసలే చెల్లదు; అతను ఉల్లిపాయ పేరు విన్నా ఏడుస్తాడు. బయటివాళ్ళు ఏడవాలి. దీపాలు పెట్టేలోగా ఒక్క గొంతైనా ఏడవకపోతే మంచిది కాదు. ఎవరికి మంచిది కాదో పైకి అనడానికి ఇద్దరికీ నోరు రాలేదు.

చుట్టాలకి చేద్దామంటే, వాళ్ళంతా టీచరు కంటే ముందే పైకి టికెట్టు తీసుకున్నారు. ఆమె పెళ్ళి చేసుకోలేదు. మిగిలింది శిష్యులే.

కాంచన టీచరు జీవితం రెండే మాటలు: బడి, బండి. బడి మధ్యలో సున్నా చుడితే బండి అవుతుందని ఆమే చెప్పేది. రిటైరయ్యేదాకా తిరుత్తణిలో తెలుగు చెప్పింది. అరవం తప్ప చదవని పిల్లల నోట గుణింతాలు పలికించింది. సెలవు దొరికితే చాలు, ఊరికి సెలవు. హంపి, కోణార్క్, కన్యాకుమారి. వెంట పిల్లలు. ఇంట్లో జరగని పిల్లల టికెట్టు ఆమె జీతంలోంచి. కిటికీ పక్క సీటు వాళ్ళకి, తలుపు పక్క సీటు ఆమెకి. ఎల్లుండి ద్వారకకి ప్రయాణం. సర్దిన పెట్టె గోడవారన అట్లాగే ఉంది.

తర్వాత ఫోన్ తిరుమలమ్మకి. మణవాళనగర్‌లో చీరల అంగడి. కన్యాకుమారిలో అలకి కొట్టుకుపోబోతే, టీచరే జడ పట్టుకుని లాగి బతికించింది ఈమెని.

“అయ్యో పావం! నొప్పి పడినాదా?”

“లేదక్కా.”

“పుణ్యాత్మురాలు! మంచాన పడకుండా పోవాలంటే రాసిపెట్టుండాల. మాయత్త ఉండాది చూడు, ఏండ్ల తరబడి పడుకోనే ఉండాది, పోనంటాది. ఫోటో ఒగటి పంపు సెల్వీ, స్టేటస్ పెడతా.”

“అక్కా... నీకు ఏడుపు రాలేదా?”

“ఎందుకొస్తాదే? సంతోషంగా సాగనంపాల!”

సాగనంపుతారట. ఇక్కడ సాగుతున్నది పొద్దు ఒక్కటే. లోపలి గది తలుపు ఓరగా వేసి ఉంది. సెల్వి అటు చూడలేక ఇంకో నంబరు నొక్కింది.

ఇంద్రసేన. టూరిస్టు బస్సుల ఓనరు. మనిషి కంటే ముందు గొంతు వస్తుంది.

“మా టీచర్ని ఊరికే ఎత్తుతామా! మేళం, పూలపల్లకి, టపాసులు! ఇప్పుడే బయల్దేరతా!”

“వొద్దన్నా!” సెల్వి కెవ్వుమంది. “ఏమీ తేవొద్దు! నువ్వూ రావొద్దు!”

“మొహమాటమెందుకు చెల్లీ? నాకు దోవలు నేర్పిందే ఆమె. ఇండియా అంతా చూసేసినాది, ఇంక మిగిలింది ఆ పైలోకమే కదా. ఈ టూర్‌కి రిటర్న్ లేదు!”

నవ్వాడు. పాపం, ప్రేమగానే నవ్వాడు.

ఇంకా చాలామందికి చేశారు. అందరూ మంచిమాటే చెప్పారు. అందరిదీ ఒకటే పాట: నిండుగా బతికింది. నిండితే పొంగాలి కదా? ఒక్క కన్నూ పొంగలేదు.

కొండ మీద లైట్లు వెలిగాయి. ఆనంద్‌రాజ్ చెమట తుడుచుకున్నాడు.

“ఇంకెవురూ లేరా?”

“లేరు.”

సెల్వి దీపం ముందు కూచుని అగ్గిపుల్ల గీసింది. పుల్ల ఆరిపోయింది.

అప్పుడు వినిపించింది ఏడుపు. సన్నగా, ఆగి ఆగి.

ఆనంద్‌రాజ్ వీధిలోకి పరిగెత్తాడు. ఎవరూ లేరు. సెల్వి మాత్రం లోపలి గది వైపు చూసి, గోడకి చేరబడిపోయింది.

పొద్దున తన నెత్తిన కాకి తన్నితే, ఉత్తుత్తి చావు కబురు పంపి ఒక్కరినైనా ఏడిపిస్తే గండం తప్పుతుందని మేనకోడలు కాళ్ళావేళ్ళా పడితే, “సరేలే గానీ, నా పిల్లోళ్ళు తట్టుకోలేరేమోనే” అంటూ ఒప్పుకున్న కాంచన టీచరు, తలుపు సందున నిలబడి అందరి మాటలూ విని, ఏడుస్తోంది.