వెనక్కి చూడకుండా

అర్జునరావు తలుపుకు తాళం వేశాడు. లాగి చూడలేదు.

ఉక్కునగరం క్వార్టర్స్‌లో ఇది వింతే. ప్లాంట్‌లో ఫర్నేస్ ముందు బెదరని మనిషి ఇంటి తాళం ముందు పిల్లాడైపోతాడు. లాగుతాడు, ఊపుతాడు, గాజువాక దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వస్తాడు. మొన్న కూతురు హేమశ్రీ నిశ్చితార్థంలో అక్కడ తాంబూలాలు పుచ్చుకుంటుంటే, ఇక్కడ ఈయన తాళం పట్టుకుని వేలాడాడు.

వచ్చే వారమే పెళ్ళి.

“ఈసారి దారిలోంచి ఎనక్కి తిరిగారంటే కన్యాదానం మా అన్నావదినల సేత సేయించేత్తాను,” అని భార్య గౌరీశ్వరి తేల్చేసింది.

ఆ దెబ్బకు దిగొచ్చాడు. పిల్లల్లోనూ పెద్దల్లోనూ ఉండే, చేసిందే మళ్ళీ మళ్ళీ చేయించే ఈ ఓసీడీ జబ్బును మందుల్లేకుండా ఎలా లొంగదీయాలా అని డాక్టర్ శ్రీసత్య పరిశోధన చేస్తోంది. అందులో పేరిచ్చాడు. ఈరోజు ఆఖరి పరీక్ష. ఒక్కసారే తాళం వేసి, వెనక్కి తిరగకుండా రుషికొండ బీచ్ చేరాలి.

పొద్దున్నే డాక్టర్ ఇంటికే వచ్చి షరతులన్నీ మరోసారి గుర్తుచేసింది. ఇంట్లో ఏదో మర్చిపోయినట్టు అనిపిస్తుంది, అది జబ్బు మాట, నమ్మొద్దు. బీచ్ చేరేదాకా ఫోన్లు కట్టేయాలి. గౌరీశ్వరి ధైర్యం చెప్పకూడదు, ఏమడిగినా “ఏమో” అనాలి. కింది క్వార్టర్ కన్నబాబుకైతే మరీ గట్టిగా చెప్పింది, ఎవరెంత బతిమాలినా ఆ తాళం జోలికి పోవద్దని.

గౌరీశ్వరి ముందే దిగి ఆటో ఆపింది. అర్జునరావు ఎక్కి కూర్చోగానే మొదలైంది.

“గౌరీ, లోపల ఏదో వదిలేసినట్టుందే.”

“ఏమో.”

“సిన్నది కాదే. పెద్దదే.”

“ఏమో.”

గాజువాకలో బస్సెక్కారు. ఆయన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. చెమటకు చొక్కా తడిసిపోయింది. పక్క సీటాయన కిటికీ తెరిచి, వాంతొస్తోందా అని అడిగాడు.

సగం దూరం వెళ్ళాక గౌరీశ్వరి మొహం కూడా మారింది.

“నాకూ అలాగే అనిపిత్తంది. ఈ జబ్బు అంటుకుంటాదేటి?”

అర్జునరావుకు ఎక్కడలేని బలం వచ్చింది. అది జబ్బు మాటనీ, నమ్మకూడదనీ, గాలి గట్టిగా పీల్చమనీ భార్యకు దారి పొడుగునా వైద్యం చేశాడు. అలా చేస్తూ చేస్తూనే రుషికొండలో దిగాడు.

సముద్రం కనిపించేసరికి ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ప్యాంటు మడిచి అలల్లో నిలబడ్డాడు. గౌరీశ్వరి కాల్చిన మొక్కజొన్న పొత్తు కొనిచ్చి, కన్యాదానం మీరే చేద్దురుగాని అంది.

ఫోన్ తెరిచాడు. టింగుటింగుమంటూ మెసేజ్‌లు వచ్చిపడుతున్నాయి. అవేమిటో చూడకుండానే డాక్టర్‌కు కలిపాడు.

“డాక్టరమ్మా, నాను గెలిసాను. తాళం ఒక్కసారే ఏసాను. ఎనక్కి సూడనేదు.”



“చాలా సంతోషం అంకుల్,” అంది శ్రీసత్య, “ఇక తొందరగా వచ్చి తలుపు తియ్యండి, నేను బాత్రూంలోంచి వచ్చేసరికే మీరు తాళం వేసేశారు.”