గాలిపిల్ల ఎందుకు పడింది?

"ఆ పెట్టె తెరిచావంటే నా మీద ఒట్టే!"

ఊహ తెలిసినప్పటి నుంచి తండ్రి గొంతు పెంచగా కూతురు వినలేదు. అటక మీంచి దింపిన రేకు పెట్టె ముందు కూర్చున్నదల్లా ఉలిక్కిపడి తాళంచెవి వెనక్కి లాక్కుంది. బతికినన్నాళ్లూ తల్లి ఆ తాళంచెవి ఎవరికీ ఇవ్వలేదు. ఆవిడ పోయిన ఏడాదికి, ఇవాళ పొద్దున, ఆవిడ పెన్సిళ్ల డబ్బా అడుగున దొరికింది.

"ఇదేం విడ్డూరం నాన్నా! అమ్మ గీసిన పేజీలేగా! పొద్దున్నుంచి ఎడిటరమ్మ చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది. సాయంత్రంలోగా మొదటి పేజీ ఇవ్వకపోతే గాలిపిల్లని ఇంకెవరికో అప్పజెప్పేస్తారట."

బొమ్మల కథల గాలిపిల్ల పుట్టింది ఈ ఇంట్లోనే, ఈ బల్ల మీదే. తల్లి లేత నీలం పెన్సిలుతో గీసేది. ఆ నీలం అచ్చులో పడదు. దాని మీద తండ్రి సిరా పెట్టినంత మేరే పుస్తకంలో కనిపించేది. మొదటి కథలో నాలుగేళ్ల పిల్ల మేడమెట్ల పైనుంచి పడబోయి, నేలకి తగలకుండా రివ్వున గాల్లోకి లేస్తుంది. అక్కడి నుంచి ఆపదలో ఉన్నవాళ్లందరికీ ఆ పిల్లే దిక్కు. ఆ కథని ఇప్పుడు కూతురు కొత్తగా గీయాలి. తల్లి పెంచిన పిల్ల పరాయి చేతుల్లో పడటం ఆమెకి ససేమిరా ఇష్టం లేదు.

"అచ్చయిన పుస్తకం ఉందిగా. దాన్ని చూసి గియ్యి," అన్నాడు తండ్రి, గొంతు తగ్గించి.

"వందసార్లు చూశాను. చిక్కంతా అందులోనే ఉంది. ఒక గడిలో పిల్ల పైమెట్టు మీద బుద్ధిగా నిలబడి ఉంటుంది. పక్క గడిలో గాల్లో తలకిందులుగా ఉంటుంది. మధ్యలో ఏమైంది? 'ఇప్పటి పిల్లలు మనలా ఊరుకోరమ్మా, ఎందుకు పడిందో చెప్పి తీరాలి' అంటోంది ఎడిటరమ్మ."

"కాలు జారింది. అంతే."

"నిలబడ్డ పిల్లకి కాలెలా జారుతుంది నాన్నా?"

"నీకు జారలేదూ?"

ఆ మాట అనేసి తండ్రి నాలిక కరుచుకున్నాడు. కూతురి కుడికాలు ఎడమకాలి కంటే రెండంగుళాలు పొట్టి. నాలుగేళ్లప్పుడు మేడమెట్ల మీంచి పడ్డ సంగతి ఆమెకి గుర్తు లేదు. ఆస్పత్రి మంచం మాత్రం లీలగా గుర్తుంది. గాలిపిల్ల మొదటి పుస్తకం వచ్చింది ఆ ఏడే. కన్నకూతుర్ని పట్టుకోలేకపోయిన తల్లి కాగితం మీద పిల్లని ఎగరేసి తృప్తిపడిందని ఎడిటరమ్మ ఆఫీసులో అనుకునేవాళ్లు. తండ్రి మాత్రం ఎవరితోనూ ఏమీ అనలేదు. పదేళ్లొచ్చేదాకా కూతుర్ని బడికి ఎత్తుకెళ్లి ఎత్తుకొచ్చాడు. ఒక్కనాడూ విసుక్కున్న పాపాన పోలేదు.

"ఆ పడ్డం సంగతి మళ్లీ తిరగదోడకమ్మా. నేను చూడలేను," అంటూ కళ్లు తుడుచుకున్నాడు.

తుడుచుకున్నది కూడా తొడుగు చేత్తోనే. చెమట కాగితానికి అంటకుండా చిటికెన వేలికీ ఉంగరపు వేలికీ మాత్రమే వేసుకునే గుడ్డ తొడుగు అది. చూపు మందగించి సిరా పని మానేసి ఆరేళ్లయినా, స్నానానికి తప్ప దాన్ని తియ్యడు. "నిద్రలో కూడా బొమ్మలు దిద్దుతున్నావా నాన్నా?" అని కూతురు ఏడిపిస్తూ ఉంటుంది.

ఇప్పుడు మాత్రం ఏడిపించే ఓపిక లేదు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి పక్క గదిలో పడుకోబెట్టింది. ఇవతలికి వచ్చేసరికి మళ్లీ ఫోను. ఎడిటరమ్మ.

"దొరికిందా కారణం? నాలుగింటికల్లా చెప్పకపోతే నా చేతుల్లో ఉండదమ్మాయ్."

ఫోను పెట్టేసి పెట్టె వంక చూసింది. పాపం నాన్న. కానీ గాలిపిల్ల పోతే అమ్మది ఇంకేం మిగులుతుంది? "నీ ఒట్టు తీసి గట్టు మీద పెట్టు నాన్నా," అని గొణుక్కుని తాళం తీసింది.

మొదటి పేజీ అన్నిటికంటే పైనే ఉంది. సిరా ఇంకా నల్లగా నిగనిగలాడుతోంది. పైమెట్టు మీద పిల్ల. పిల్ల వెనక, పుస్తకంలో ఖాళీగా ఉండే చోట, సిరా తగలని నీలి గీతలు. కూతురు పేజీని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసింది. భుజం నుంచి వేళ్ల దాకా ఒక చెయ్యి.

"నాన్నా! దొరికింది!" ఆనందం పట్టలేక కేక పెట్టింది. "అమ్మ కారణం గీసే ఉంచింది! పిల్ల జారలేదు, వెనక నుంచి ఎవడో తోశాడు! ఇంత మంచి బొమ్మకి సిరా పెట్టడం ఎలా మర్చిపోయావు నాన్నా?"

లోపల మంచం కిర్రుమంది.

కింద దీపం వెలిగే గాజుబల్ల మీద పేజీ పరిచి, పైన తెల్లకాగితం పెట్టి, కలం సిరాలో ముంచింది. నీలి గీతల వెంటే నల్ల గీతలు నడిపింది. మోచెయ్యి వచ్చింది, మణికట్టు వచ్చింది. పిల్ల వీపు మీద ఆనించిన అరచెయ్యి వచ్చింది. భుజం దగ్గరే తల్లి ఆపేసింది, మొహం గీయలేదు. మొహంతో పనేముందిలే అనుకుంది కాబోలు.

బొటనవేలికి గోరు దిద్దింది. చూపుడు వేలికి దిద్దింది. మధ్యవేలికీ దిద్దింది. మిగిలిన రెండు వేళ్ల దగ్గరికి వచ్చేసరికి కలం ఆగిపోయింది.

తల్లి వాటికి గోళ్లు గీయలేదు, గుడ్డ తొడుగు గీసింది.