చిన్నాడి ఫొటో

"చిన్నాడి ఫొటో వచ్చిందా?"

మంచం మీద నుంచే అడిగింది అమ్మ. వారం రోజులుగా పొద్దున్న లేస్తే ఇదే ప్రశ్న.

"పుట్టినరోజు ఇవాళే కదమ్మా. సాయంత్రానికి వస్తుందిలే," అన్నాడు ఫొటోగ్రాఫర్, చెప్పులు వేసుకుంటూ.

స్టూడియో రెండు వీధుల అవతల. షట్టర్ ఎత్తేసరికే నడుం పట్టేసింది. కాసేపు ఆ షట్టర్నే పట్టుకుని నిలబడ్డాడు.

పదేళ్ళప్పుడు అట్టపెట్టెకి కన్నం పొడిచి అందులోంచి లోకమంతా చూసిన మనిషి అతను. బడిలో మాస్టారు ఒక్కరోజు తన కెమెరా చేతికిస్తే రీలంతా తమ్ముడి మీదే అవగొట్టాడు. కవల తమ్ముడు. పది నిమిషాలు చిన్న. తమ్ముడు నవ్వుతూ, తమ్ముడు గోడ దూకుతూ, తమ్ముడు నాలుక బయటపెట్టి. కుట్టుమిషను ముందు కూర్చున్న అమ్మ ఆ ఫొటోలన్నీ తిరగేసింది.

"అన్నీ చిన్నాడివే. నీదేదిరా పెద్దాడా?"

"కెమెరా నా చేతిలో ఉంటే ఫొటోలో నేనెలా ఉంటానమ్మా?"

ఆ పిచ్చే బతుకుతెరువైంది. వానల్నీ పిట్టల్నీ తీద్దామనుకున్నవాడు ముప్పై రెండేళ్ళుగా ముఖాలు తీస్తున్నాడు. గడ్డం కొంచెం పైకి. భుజాలు వదులుగా. కళ్ళు ఆర్పకండి. నిద్రలోనూ ఇవే మాటలు.

మధ్యాహ్నం ఉద్యోగం దరఖాస్తుకని వచ్చినావిడ తన ఫొటో చూసుకుని ముఖం చిట్లించింది.

"ఇదేంటండీ, ఇంత అలసిపోయినట్టున్నాను?"

"తీసింది నేను కదండీ. నా అలసటే పడి ఉంటుంది."

ఆవిడ ఫక్కున నవ్వింది. ఆ క్షణంలోనే ఇంకొకటి నొక్కాడు. రెండోది నచ్చింది ఆవిడకి.

ఆవిడ వెళ్ళాక షట్టర్ సగం దించాడు. ఇక మిగిలింది తమ్ముడి ఫొటో.

ఇరవై ఏళ్ళ కిందట అమ్మతో మాటా మాటా పెరిగి ఓడ ఉద్యోగానికి వెళ్ళిపోయాడు తమ్ముడు. ఉత్తరం లేదు, ఫోను లేదు. ఏటా పుట్టినరోజుకి మాత్రం స్టూడియో చిరునామాకి ఒక ఫొటో పంపేవాడు. పదేళ్ళ కిందట ఫొటోకి బదులు ఓడ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. సముద్రంలో పోయాడని. అప్పుడు అమ్మ గుండె ఆపరేషనై ఆస్పత్రిలో ఉంది. "ఏ కబురైనా మెల్లగా చెప్పండి," అన్నాడు డాక్టరు.

ఆ మెల్లగా అన్నది ఇంకా పూర్తి కాలేదు.

సొరుగులోంచి నీలం స్వెటర్ తీసి వేసుకున్నాడు. కళ్ళజోడు తీసేశాడు. కెమెరాకి పది సెకన్ల గడువు పెట్టి, వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాడు. మొదట్లో ఇంకా నాలుగు సెకన్లు మిగిలేవి. ఇప్పుడు మోకాళ్ళు సర్దుకునేలోపే కెమెరా టక్కుమంటోంది. మూడోసారికి కుదిరింది.

తన పాపిడి ఎడమవైపు, తమ్ముడిది కుడివైపు. కంప్యూటర్లో ఫొటోని అద్దంలోలాగా తిప్పేస్తే చాలు, తమ్ముడు వచ్చేస్తాడు.

మొదటి ఏడు చొక్కాతో కూర్చుని దొరికిపోబోయాడు. ముఖంతోపాటు బొత్తాలూ తిరిగాయి. నలభై ఏళ్ళు చొక్కాలు కుట్టిన అమ్మ ఆ ఫొటోని ముక్కుకి ఆనించుకుని మరీ చూసింది.

"ఎవడ్రా ఈ చొక్కా కుట్టింది? ఆడవాళ్ళ చొక్కాకి మల్లే బొత్తాలు ఎడమవైపు పెట్టాడు!"

"ఆ దేశంలో అంతేనేమోనమ్మా," అన్నాడు కంగారుగా.

అమ్మ ఆ ఫొటోని తీసుకెళ్ళి తన పెట్టెలో దాచుకుంది. మరుసటి ఏడు నుంచి స్వెటరే.

ఇది పదకొండో ఫొటో. ప్రింటు ఆరేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఇక చాలు. అమ్మకి ఎనభై నిండాయి. లేని కొడుకు కోసం ఎదురుచూస్తూ ఆమె వెళ్ళిపోతే, ఆ పాపం ఎవరిది? ఇవాళ చెప్పేయాలి. ఇంటిదాకా నడుస్తూ మాటలు కూడగట్టుకున్నాడు.

"వచ్చిందమ్మా."

అమ్మ ఫొటోని ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసింది.

"చిక్కిపోయాడు. కళ్ళ కింద ఆ నలుపేంట్రా? వేళకి తినమను."

"రాస్తానమ్మా."

"ఆదివారాలైనా పని మానమను. ఇంత వయసొచ్చినా ఫొటోలో నవ్వడం రాదు వెధవకి."

ఫొటోగ్రాఫర్ గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, నీకొక మాట చెప్పాలి."

"చెబుదువుగానీ. ముందు దీన్ని పెట్టెలో పెట్టు. ఇవాళ నేను లేవలేను."

ఆ పెట్టె ఎప్పుడూ అమ్మే తీసేది, అమ్మే మూసేది. ఇంకొకళ్ళని ముట్టుకోనిచ్చేది కాదు. అతను మంచం కిందికి వంగి, పాత కుట్టుసామాను పెట్టె బయటికి లాగాడు. పైన దారపు ఉండలు, తుప్పు పట్టిన కత్తెర. వాటి కింద, గుడ్డపీలికలతో కట్టిన రెండు ఫొటోల కట్టలు. మొదటిది తమ్ముడు ఓడ నుంచి పంపినవి. ఒక్కోదాని వెనక 'చిన్నాడు' అనీ, కింద ఏడాదీ రాసుకుంది అమ్మ.

రెండో కట్ట విప్పి తిరగేస్తే, బొత్తాల చొక్కా ఫొటో మొదలుకుని పదింటి వెనకా అవే వంకర అక్షరాల్లో 'పెద్దాడు' అని ఉంది.