కింది మెట్టు

తాల్‌బగీచా అమ్మవారి గుడి ముందు దావీదు మేస్త్రి కొత్త మెట్లకి చెక్కలు బిగించడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ సింహాచలమ్మ అక్కడే కూర్చుంది. మెట్లకి సిమెంటు ఆవిడ ఇచ్చిందే. ఇచ్చినవాళ్ళు కోరిన పేరు ఒకటి రాయడం ఆ గుడి ఆనవాయితీ.

కాంక్రీటు పోశారు. మెట్లకి అటూ ఇటూ పక్కగోడలు కూడా లేచాయి. దావీదు తాపీతో నునుపు చేస్తుంటే ఆవిడ చూపంతా కింది మెట్టు మీదే ఉంది.

ఆ మెట్టు మీద చచ్చిన మొగుడి పేరు పడాలి.

వాడి బూటుకాలి తన్నుకి ఆవిడ ఎడమ చెవి పోయింది. ఇంకో తన్నుకి కడుపులో బిడ్డ పోయింది. పెద్దమనుషుల దగ్గర మొరపెట్టుకుంటే, మంచి పనివాడు, తాగినప్పుడే ఒళ్ళు తెలియదన్నారు. ఠాణాకి వెళ్తానంటే, రైల్వే ఉద్యోగం ఊడుతుంది, ఆ ఉసురు నువ్వెందుకు పోసుకుంటావన్నారు. ఆవిడ ఉసురు సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. వాడేమో ఏటా విశ్వకర్మ పూజకి కొత్త చొక్కా తొడుక్కుని, వర్క్‌షాపులో దొరలా తిరిగాడు.

అందుకే ఇప్పుడు ఆవిడకి ఊళ్ళో కాళ్ళన్నీ కావాలి. చేపలమ్మేవాళ్ళవి, పేడ తొక్కి వచ్చేవాళ్ళవి, మేకలవి కూడా. అక్షరాలు అరిగేదాకా తొక్కాలి. ఆ మాట తలుచుకుంటేనే ఆవిడకి కడుపు చల్లబడుతోంది.

"పేరేటో సెప్పమ్మా, రాసేత్తాను. మాలు బిగిసిపోతంది," అన్నాడు దావీదు, మేకు చేత్తో పట్టుకుని.

సింహాచలమ్మ చెయ్యి చాపింది. ఆ పేరు ఆవిడ ఏనాడూ నోటితో పలికింది లేదు.

"ఆ మేకిలాగియ్యి. నానే రాసుకుంటాను."

అంతలో పూజారి పరబ్రహ్మం గారు గుళ్ళోంచి బయటికొచ్చారు.

"అక్కడొద్దమ్మా. కింది మెట్టు మీద అందరూ చెప్పులు విడుస్తారు. పక్కగోడ మీద రాయండి, వచ్చేవాళ్ళ కళ్ళకి ఎదురుగా ఉంటుంది."

"ఇడవనీండి బాబూ. సెప్పులే గదా."

"పేరు తొక్కుతారమ్మా."

"మెట్టున్నది తొక్కడానికే గదా బాబూ."

పైకి నిమ్మళంగానే అంది. ఈయన కాదంటే అంతే సంగతులు. సిమెంటు బిగిసిందా, ఇక మేకు దిగదు. మళ్ళీ ఈ గుడికి మెట్లు పోసేనాటికి తను ఉండదు.

పరబ్రహ్మం గారు ఆవిడ మొహంలోకి కాసేపు చూసి, ఏమనుకున్నారో, పక్కకి తప్పుకున్నారు.

సింహాచలమ్మ గొంతుక్కూర్చుంది. పళ్ళు బిగబట్టి, ఒక్కొక్క అక్షరాన్నీ లోతుగా దించింది. తవిటయ్య. చెయ్యి నొప్పెట్టింది. అయినా గుడినీ వత్తునీ మరోసారి మేకుతో కెలికింది.

"ఆరినాక ముందు నానే తొక్కుతాను," అంది లేస్తూ, దావీదుతో.

పరబ్రహ్మం గారు వంగి ఆ పేరు చదివి, ఉత్తరీయంతో కళ్ళొత్తుకుని, గుడికొచ్చిన ఆడవాళ్ళ వైపు తిరిగి, "చూశారా అమ్మా, పోయిన మొగుడికి భక్తుల పాదధూళి సోకి పుణ్యలోకాలు దక్కాలని, గోడ మీద గౌరవం కూడా వద్దనుకుంది, ఇల్లాలంటే ఈవిడ," అన్నారు.