పోర్టు సంబంధం

“ఇయ్యాల ఏటి దిగింది బాబూ?” అంది చిలకమ్మ, నాగవంశీ ఇంకా చెప్పులైనా విప్పకముందే.

నాగవంశీ గుమ్మంలోనే ఆగిపోయాడు. లోపల్నుంచి ఆవిడ మనవరాలు జ్యోతిర్మయి కళ్లతోనే బతిమాలింది, ఏదో ఒకటి చెప్పెయ్యమని.

“ఇవాళ ఏదీ దిగలేదు మామ్మా. లోడవుతూ మధ్యలో ఆగిపోయింది.”

“కంటైనరా?”

“కంటైనర్లోనే.”

“ఏ దేశపోళ్లది?”

“జర్మనీవాళ్లది.”

“మరా నసుగుడేటి? జ్యోతి తాత పోర్టులో కలాసీగా సేసినప్పుడు ఓడ పేరడిగితే ఈదంతా ఇనబడేలా సెప్పీవోడు. మా కొడుకడిగితే నువ్వూ అలాగే గట్టిగా సెప్పాల. బెర్తు అనాల, డూటీ అనాల. తెలిసిందేటి?”

తెలిసిందని తలూపాడు పాపం.

నిజానికి అతను ఒక్క అబద్ధమూ ఆడలేదు. రుషికొండలో చిన్న కంపెనీలో ఉద్యోగం. విండోస్ మీద నడిచే సాఫ్ట్‌వేర్లని హైకూ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచేలా మార్చడం అతని పని. ఆ హైకూ పేరు చెబితే కంప్యూటర్ వాళ్లే సగంమంది “అదేంటి?” అంటారు. ఈ మార్చే పనినే పోర్టింగ్ అంటారు. ప్రస్తుతం జర్మనీవాళ్లు చేసిన బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఒకటి అతని ప్రాణం తీస్తోంది. తెరిస్తే చాలు, సగంలో చతికిలబడుతోంది.

జ్యోతిర్మయి తన ప్రేమ సంగతి ముందుగా మామ్మకే చెప్పుకుంది. “పోర్టింగ్ చేస్తాడు మామ్మా” అంది. మామ్మకి వినబడేది సగమేనని ఇంట్లో అందరి నమ్మకం. ఆ సగాన్నే పట్టుకెళ్లి కొడుకు కామరాజు చెవిన వేసింది, “పోర్టులో పనంటరా!” అని. విశాఖపట్నంలో ఉంటూ పోర్టు అంటే ఇంకో అర్థం ఎవరికి తోస్తుంది?

కామరాజు స్టీల్‌ప్లాంటులో ఫిట్టరు. కంప్యూటర్ ఉద్యోగాలంటే అతనికి ఒళ్లు మంట. మేనల్లుడు అప్పలసూరిని ఓ కంపెనీ ఒక్క మెయిలుతో ఇంటికి పంపేసిన దగ్గర్నుంచీ, అలాంటి సంబంధం మాటెత్తితే కంచం ముందునుంచి లేచిపోతాడు. అంతటివాడు పోర్టు అనగానే కుర్రాణ్ని రమ్మన్నాడు. వచ్చినవాణ్ని ఇష్టపడ్డాడు కూడా. ఇవాళ ముహూర్తం మాట్లాడదామని పిలిచాడు.

“చెప్పేస్తాను” అన్నాడు నాగవంశీ, మంచినీళ్లు తెచ్చిన జ్యోతిర్మయితో గొంతు తగ్గించి.

“చెప్తే పెళ్లి ఉండదు.”

“చెప్పకపోతే జన్మంతా ఓడలు దించుతూ కూచోవాలి నేను. మీ నాన్న మొహం చూస్తే నావల్ల కావట్లేదు జ్యోతీ.”

జ్యోతిర్మయికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

కామరాజు డ్యూటీ దిగి వచ్చాడు. మొహం కడుక్కుని, టీ గ్లాసు పట్టుకుని నడవలో కూచున్నాడు. “ఏటి బాబూ, మరి పంతులుగారికి...” అనబోయాడు.

“మావయ్యగారూ, నేను పోర్టులో చెయ్యట్లేదండీ. నాది పోర్టింగ్. కంప్యూటర్ పని.”

గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. జ్యోతిర్మయి తలుపు పట్టుకుని నిలబడింది.

“మరి కంటైనర్లన్నావు?”

“సాఫ్ట్‌వేర్‌ని సర్దిపెట్టే పెట్టెల్లాంటివి ఉంటాయి, మా దగ్గరా వాటిని కంటైనర్లే అంటారండీ.”

“ఓరి నీ...” అని నాలిక్కరుచుకున్నాడు కామరాజు. ఎదురుగా ఉన్నది కాబోయే అల్లుడో, కాకుండా పోయేవాడో ఇంకా తేలలేదు మరి. గ్లాసు కింద పెట్టాడు. “అసలేటా పని?”

“ఒకచోట పుట్టిపెరిగినదాన్ని తెచ్చి ఇంకోచోట బతికించడమండీ. అక్కడ దానికి అలవాటైనవి ఏవీ ఉండవు. వచ్చీరాగానే మొరాయిస్తుంది. కోప్పడితే లాభం లేదు. దానికేం కావాలో ఒక్కొక్కటీ చూసి అమర్చాలి. అప్పుడు నడుస్తుంది.”

“రేపు మా అప్పలసూరిలాగ నిన్నూ తోలేత్తే?”

“తోలేస్తే ఇంకోచోట వెతుక్కుంటాను. జ్యోతిని మాత్రం పస్తుపెట్టనండీ. ఈ మాట మీకు ముందే చెప్పాల్సింది. మీరు వద్దంటారని భయపడ్డాను.”

కామరాజు కూతురి వైపు చూశాడు. చూసి, తల తిప్పుకున్నాడు.

“ఆనందపురం మేనత్తింటికి పంపితేనే ఇంటికోసం బెంగెట్టుకున్న పిల్లది. కొత్త సోట సర్దుకోడానికి టైము పడతాది. అంత ఓపికుందా నీకు?”

“ఉందండీ. నాకు చేతనైన పనే అది.”

ఎంత ఆపుకుందామన్నా కామరాజుకి నవ్వొచ్చేసింది. “సరే పో. నిజం సెప్పీవోడు ఏ పని సేత్తే ఏటి!” అన్నాడు. జ్యోతిర్మయి కొంగులో మొహం దాచుకుని లోపలికి పరిగెత్తింది.

కామరాజు ముందుకు వంగి, గొంతు తగ్గించాడు.

“ఒక్కటే బాబూ. మా అమ్మకి మాత్రం సెప్పకు. పోర్టు సంబంధమని ఎంత మురిసిపోతందో సూసేవు కదా! నాను ఒప్పుకున్నదే ఆవిడ మొగం సూసి. ఇప్పుడు కాదంటే తట్టుకోలేదు. ఆవిడ ఉన్నన్నాళ్లూ నువ్వు పోర్టులోనే.”

నాగవంశీకి ప్రాణం ఉసూరుమంది. అయినా సరేనన్నాడు.

వెళ్లేముందు వరండాలో చిలకమ్మ దగ్గర ఆగాడు. ఆ పెద్దావిణ్ని మోసం చేస్తున్నందుకు మనసు పీకుతూనే ఉంది. ఆవిడ చెవి దగ్గరికి వంగి గట్టిగా అరిచాడు.

“రేపు పొద్దున్నే బెర్తులో డ్యూటీ మామ్మా! వెళ్లొస్తాను!”

చిలకమ్మ ఒకసారి నడవలోకి తొంగిచూసింది. కొడుకు వినడం లేదని రూఢి చేసుకుని, నాగవంశీ చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

“అరవకు నాయనా, నాకు బాగానే ఇనబడతాది” అంది గుసగుసగా.

మళ్లీ ఓసారి నడవలోకి చూసి, అతని చెవిలో చెప్పింది.

“‘పోర్టింగు’లో ‘ఇంగు’ మింగేసింది నానే.”