చివరి పేజీలో లేని పేరు

లైన్‌మన్ ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. అచ్చుయంత్రం ఒక్కసారి మూలిగి ఆగిపోయింది.

“పేరు చెప్పండి పిన్నీ. చెప్పేదాకా ఈ మిషన్ తిరగదు.”

సంపాదకురాలు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. పదిహేను రోజులకోసారి వచ్చే నాలుగు పేజీల ఊరి పత్రిక ఆమెది. ఎవరింట్లో బిడ్డ పుట్టింది, ఏ వీధికి నీళ్లు రావు, ఎవరి మేక తప్పిపోయింది, అన్నీ అందులో ఉంటాయి. చివరి పేజీలో ‘ఆ రోజులు’. ఊరివాళ్ల చిన్ననాటి జ్ఞాపకాలు. ఆ ఒక్క పేజీలో మాత్రం రాసినవాళ్ల పేర్లు వేయరు.

“అది మొదట్నుంచీ ఉన్న పద్ధతి నాయనా. పేరు వేస్తే మొహమాటపడి ఎవరూ నిజాలు రాయరని...”

“నిజాలా!” అతను జేబులోంచి కత్తిరించిన కాగితం ముక్క తీశాడు. “నా కూతురి బడిసంచీలో దొరికింది. చదవనా?”

“వద్దు.”

అతను చదివాడు. “‘క్వారీ గుంట మీది ఎత్తు బండ ఎక్కి, కళ్లు మూసుకుని దూకేవాణ్ణి. ఒక్కసారి దూకితే చాలు, ఇక జన్మలో దేనికీ భయం వేయదు.’” “దానికి చీకటంటే భయం పిన్నీ. తొమ్మిదేళ్లది. భయం పోతుందని దూకింది.”

గుమ్మం పక్కన బెంచీ మీద అతని భార్య కూర్చుని ఉంది. ఎనిమిది రోజులుగా ఆమె తల దువ్వుకోలేదు.

“చెప్పులు విప్పి బండ మీద పక్కపక్కన పెట్టింది,” అంది గోడతో చెబుతున్నట్టు. “తడిస్తే నేను తిడతానని.”

లైన్‌మన్ అన్న, వడ్రంగి, వెనకనుంచి వచ్చి తమ్ముడి భుజం పట్టుకున్నాడు.

“పోదాం పదరా. పేరు తెలిస్తే పిల్ల తిరిగొస్తుందా?”

“రాదు. కానీ వాడు అన్నం తింటున్నాడు కదా అన్నయ్యా! హాయిగా నిద్రపోతున్నాడు కదా! వాడి మొహమ్మీద ఈ ముక్క పెట్టి చూపించాలి.”

“వాడికి తెలియదేమోరా.”

“తెలియాలి. ఆ బండ మీంచి ఈ ఊళ్లో ఒక్కడూ దూకలేదు. కింద నీళ్లలో రాయుందని మన చిన్నప్పుడు ఎవడికి తెలియదు? ఎవడో గొప్పలకి కట్టుకథ అల్లాడు. పచ్చి అబద్ధం!” సంపాదకురాలి వైపు తిరిగాడు. “మీ పత్రికలో తప్పిపోయిన మేకకి కూడా యజమాని పేరు వేస్తారు. ఇంత మొనగాడికి పేరెందుకు లేదు పిన్నీ?”

“నేనే రాశాననుకో.”

“మీరు పెళ్లయ్యాక ఈ ఊరొచ్చారు. ఆ బండ ఎక్కడుందో కూడా మీకు తెలియదు. ఎవర్ని దాస్తున్నారు?”

ఆమె చూపు ఒక్క క్షణం వడ్రంగి మీదికి పోయి వచ్చింది.

బెంచీ మీది మనిషి అది చూసింది.

“బావగారూ, ఆవిడ మిమ్మల్నెందుకు చూస్తున్నారు?” లేచి నిలబడింది. “నిన్న పొద్దున మీరు ఇక్కడికి వచ్చారట. మిషన్ తిప్పే ఆయన చెప్పాడు. ఇంట్లో మాతో ఒక్క ముక్క అనలేదేం?”

లైన్‌మన్ మెల్లగా అన్న చెయ్యి భుజం మీంచి తీసేశాడు.

“ఎందుకొచ్చావు?”

“ఊరికే.”

“నా కళ్లలోకి చూసి చెప్పు.”

వడ్రంగి చూశాడు.

“నేనే రాశాన్రా,” అన్నాడు.

దెబ్బ చెంప మీద పడింది. వడ్రంగి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. రెండో దెబ్బకి కాగితాల కట్టల మీద పడిపోయాడు.

“దాన్ని నీళ్లలోంచి ఎత్తుకొచ్చింది నువ్వే కదరా! నీ చేతుల్తో ఎలా ఎత్తావురా!” లైన్‌మన్ ఏడుస్తూ అరిచాడు. “ఇవాళ్టితో నువ్వు నాకు అన్నయ్యవి కావు. నేను చచ్చినా నా గుమ్మం తొక్కకు.”

“అలాగేరా,” అన్నాడు వడ్రంగి, పెదవి మీది రక్తం తుడుచుకుంటూ.

సంపాదకురాలు ఇక తట్టుకోలేకపోయింది. సొరుగులోంచి తాళంచెవి తీసి ఇనప బీరువా తెరిచింది.

“వద్దండీ!” వడ్రంగి కింద నుంచే కేకేశాడు. “నిన్న నాకు మాటిచ్చారు!”

“ఇచ్చాను. కూతురు పోయినవాడికి అన్న కూడా లేకుండా చేయడం నా వల్ల కాదు.” ఆమె లైన్‌మన్‌కి ఎదురుగా వచ్చి నిలబడింది. “మీ అన్న రాయలేదు నాయనా. పాత బడి పడగొట్టినప్పుడు పిల్లల కాంపోజిషన్ పుస్తకాలు చిత్తుకాగితాల కింద మాకిచ్చేశారు. ఆ సంచికకి చివరి పేజీ నిండలేదు. ఒక పుస్తకంలోంచి తీసుకున్నాను. పసివాడి మాటలు పెద్దవాళ్ల జ్ఞాపకంలా నేనే దిద్దాను. నీళ్లలో రాయుందని నాకు తెలియదు. నిన్న మీ అన్న ఈ పుస్తకం చూసే, ఎవరికీ చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు. ఈ పాపంలో సగం నాది.”

అట్ట చిరిగిన నోటుపుస్తకం బల్ల మీద పెట్టింది.

లైన్‌మన్ నిలబడే చదివాడు. పెన్సిలు అక్షరాలు, కుడివైపుకి పడిపోతున్న గీతలు. కింద మాస్టారి ఎర్రసిరా: ‘భేష్. పదికి తొమ్మిది.’ అతని పెదవులు కదలడం మానేశాయి. పుస్తకం మూసి అట్ట వైపు తిప్పాడు. అట్ట మీది పేరు వేలితో తడిమాడు. కింద వడ్రంగి మోకాళ్లలో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

భార్య వచ్చి లైన్‌మన్ రెక్క పట్టుకుని ఊపింది.

“చెప్పండి. నా బిడ్డని చంపిన ఆ అబద్ధం ఎవడు రాశాడు?”

“నేను.”