పాలకు తడిసిన పత్తి

మూడు వారాలుగా ఫోను కూడా ఎత్తని సుంకమ్మ, ఆ రోజు కౌన్సెలింగ్ గదిలోకి వచ్చి కూర్చోకుండా నిలబడింది.

"ఆలూరులో ఆడోళ్ల మీటింగులో మైకు పట్టుకోని చెప్పింది నా కతే కదా మేడం?"

కౌన్సెలర్ మెహనాజ్ ముఖం పాలిపోయింది. "పేరు చెప్పలేదు సుంకమ్మా. ఊరు కూడా మార్చినా..."

"మాటలు మార్చినావా? బిడ్డ చచ్చిపుట్టిన నాలుగో దినం పత్తి తీయను పోతే, పాలు కారి ఒడిలో పత్తి తడిసిందని నా మొగునికి కూడా చెప్పలేదే! ఈ గది దాటదంటివని నీకు చెప్తి. నువ్వు మైకులో చెప్తాంటే, అంతమందిలో నా రైక విప్పినట్లుండె."

మెహనాజ్ ఇక సర్దిచెప్పబోలేదు. "తప్పు నాదే. పేరు మార్చినంత మాత్రాన నీ బాధ నా సొమ్ము కాదు. నిన్ను అడగాల్సింది. అడగలేదు."

సుంకమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆ మీటింగు దినం మా యత్త నా పక్కనే ఉండె. అందరికంటే ఎక్కువ ఆయమ్మే ఏడిసె. 'పచ్చి బాలింతను చేనికి తోలింది, ఆ అత్త మనిషేనా?' అని నన్నే అడిగె."

సుంకమ్మ తలుపు వైపు చెయ్యి చూపింది.

"బయట కూచోనుండాది, పిలుస్తా. ఆ అత్త ఎవరో ఈ పొద్దు నేనే చెప్తా. నువ్వు నోరు తెరవొద్దు. నా పక్కన కూచో, చాలు."